వాకిట్లో పూలతీగలకూ ఒక సర్వీసు రిజిస్టరు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మనలో చాలామంది వేసుకున్న పూలమొక్క బంతే. తొలకరిలో గింజ చల్లితే దసరా నాటికి పువ్వు చేతికొస్తుంది. ఈలోగా బదిలీ ఉత్తర్వు వచ్చినా పెద్దగా పోయేదేమీ ఉండదు. పందిరెక్కే తీగ, ఏటేటా అదే పాదులోంచి చిగురించే మొక్క అట్లా కాదు. నాటినవాడు రెండు మూడేళ్ళయినా అక్కడ ఉండాలి. అందుకే క్వార్టర్లలో మనం పాకించిన సన్నజాజుల కింద కుర్చీ వేసుకున్నవారు మన తర్వాత వచ్చినవారే. పదవీ విరమణ చేసి సొంత గడపకు చేరాక గానీ మనకు తీగ నాటే తీరిక రాలేదు.

ఇప్పుడు ఆ తీరిక వచ్చింది కదా, దానితోపాటు ఒక వాదం కూడా వచ్చింది. కాగితం పూల తీగ పరదేశిదనీ, రాధామనోహరం కూడా మనది కాదనీ, వాటిని పీకేసి మన పూర్వుల మొక్కలే పెట్టుకోవాలనీ కొందరు మిత్రులు గట్టిగా అంటున్నారు. అనడమే కాదు, మనవళ్ళు నాటిన మొక్కలను కూడా తీయించేస్తామంటున్నారు. గొడ్డలి పట్టుకునే ముందు ఒక్కొక్క మొక్క ఏ ఊరిది, ఏ దారిన వచ్చింది, ఇక్కడ ఎన్నేళ్ళు పనిచేసింది అని దాని సర్వీసు రిజిస్టరు తిరగేయడం న్యాయం. ఈ నాలుగు మాటలు రాస్తున్నది అందుకే.

మనూరు వారికి ఈ చరిత్ర దూరపుది కాదు. మన నారాయణఖేడ్ తాలూకా 1956 నవంబరు 1 దాకా బీదరు జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో మెదక్ జిల్లాకు వచ్చింది, 2016లో సంగారెడ్డి జిల్లా అయింది. ఆ పాత బీదరు జిల్లాలోనిదే కల్యాణం, అంటే నేటి బసవకల్యాణ్. పశ్చిమ చాళుక్యుల రాజధాని. అక్కడ ఏలిన మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతంలో సంస్కృతంలో ‘మానసోల్లాసం’ అనే పెద్ద గ్రంథం రాశాడు. దానికే అభిలషితార్థ చింతామణి అని మరో పేరు. రాజ్యపాలన, వైద్యం, వంట, సంగీతం, ఆటలు అన్నీ చెప్పిన ఆ రాజు తోట సంగతీ వదలలేదు. నేల ఎట్లాంటిది చూడాలి, మొక్కకూ మొక్కకూ ఎంత ఎడం ఉండాలి, ఎరువు ఎట్లా తయారు చేయాలి, నీరు ఎక్కువైతే ఏ గుర్తులు కనిపిస్తాయి, తక్కువైతే ఏ గుర్తులు కనిపిస్తాయి అని పూసగుచ్చినట్టు చెప్పాడు. సర్వజ్ఞ చక్రవర్తి అని బిరుదున్న మనిషి మొక్కకు నీళ్ళు ఎక్కువయ్యాయేమోనని ఆకులు చూశాడంటే, పొద్దున్నే చెంబు పట్టుకుని తిరిగే మనల్ని చూసి ఇంట్లోవాళ్ళు నవ్వనక్కర్లేదు.

మూడు వందల ఏళ్ళు పోయాక బహమనీ సుల్తాను అహ్మద్ షా గుల్బర్గా నుంచి రాజధానిని బీదరుకు మార్చాడు. పర్షియా నుంచి వచ్చిన పండితులు, వర్తకులు, పనివాళ్ళు అక్కడ స్థిరపడ్డారు. కోటలో లాల్‌బాగ్ అనే తోట వెలసింది. అయితే నాకు తోటకన్నా గొప్పగా తోచేది వాళ్ళు నీటికి చేసిన ఏర్పాటు. ఎర్రమట్టి రాయి కింద సొరంగం తొలిచి, పైనుంచి గాలి బావులు దింపి, భూమిలోని ఊటను వాలు వెంట నడిపించారు. దాన్ని కరేజ్ అంటారు. నౌబాద్ దగ్గర ఇప్పటికీ చూడవచ్చు. ఎండాకాలం నీటి కరువు తెలిసిన మన ప్రాంతంవారు బీదరు వెళ్ళినప్పుడు కోటతోపాటు దాన్ని కూడా చూసి రావాలి. పూలతోట పెట్టాలనుకున్నవాళ్ళు ముందు నీటి దారి చూసుకున్నారు.

అప్పటి తోటల్లో ఏ తీగలుండేవి? మల్లె జాతివన్నీ ఉండేవి. మాలతి శాతవాహనుల నాటి గాథాసప్తశతిలోనే తుమ్మెదలతో సహా కనిపిస్తుంది. శకుంతల అత్తవారింటికి బయలుదేరుతూ ఒక తీగ దగ్గర చెల్లెలి దగ్గర తీసుకున్నట్టు సెలవు తీసుకోవడం మనమంతా చదువుకున్నదే. మాధవీలత మన అడవుల తీగ. తెల్లని రేకుల అంచులు కత్తిరించినట్టుంటాయి, ఒక రేకుకు మాత్రం పసుపు పూసినట్టుంటుంది. కాయకు మూడు రెక్కలుంటాయి, రాలేటప్పుడు గిరగిరా తిరుగుతూ దిగుతుంది. శంఖుపుష్పం కూడా పూజల్లో పాతకాపే. నూరువరహాల చెట్టు తీగ కాకపోయినా ఇక్కడ చెప్పుకోవాలి. దానికి శాస్త్రజ్ఞులు పెట్టిన ‘ఇక్సోరా’ అనే పేరు మన ‘ఈశ్వర’ శబ్దం పోర్చుగీసు వారి నోట్లో పడి మారిన రూపం. విదేశీ పేరనుకుని పలికినా శివుడి పేరే పలుకుతున్నామన్నమాట.

ఇక చంద్రకాంత. సాయంత్రం నాలుగు దాటాక పూసి తెల్లవారాక వాడిపోయే ఈ మొక్కను మన సరిహద్దు ఊళ్ళలో ఎన్ని పేర్లతో పిలుస్తారో చూడండి. తెలుగువారికి చంద్రకాంత, కన్నడం వారికి సంజె మల్లిగె, మరాఠీ వారికి గుల్‌బక్షీ, ఉర్దూ వారికి గులె అబ్బాస్. నాలుగు భాషల్లో ఇంత ఇంటి పేరు తెచ్చుకున్న మొక్క పుట్టింది అమెరికా ఖండంలో. యూరపు వాళ్ళ ఓడల రాకపోకలు మొదలయ్యాక గానీ అది మన గడ్డ మీద అడుగు పెట్టలేదు. పైన ఎండిపోయినా అడుగున దుంప బతికి ఉండి, వానలు పడగానే మళ్ళీ లేస్తుంది. ఒకే మొక్కకు రెండు మూడు రంగుల పూలు పూయడం చూసి పిల్లలు అడుగుతుంటారు కదా, ఆ ప్రశ్నే పెద్దవాళ్ళనూ వేధించింది. జర్మనీలో కార్ల్ కోరెన్స్ అనే శాస్త్రజ్ఞుడు ఈ మొక్క మచ్చల ఆకులను పరీక్షించి, ఆకు రంగు లక్షణం తల్లి మొక్క నుంచి మాత్రమే సంక్రమిస్తుందని 1909లో చూపాడు. మన పాఠ్యపుస్తకాల్లో కూడా ఉన్న సంగతే.

అమెరికా నుంచి వచ్చినవి ఇంకా చాలా ఉన్నాయి. నేల సంపెంగ, దేవగన్నేరు, మెట్టతామర, కాశీరత్నం. కాశీ పేరు పెట్టుకున్నా అది కాశీది కాదు! మొదట చెప్పిన బంతి కూడా మెక్సికో వైపుదే. పరదేశి అని తీసేయడం మొదలుపెడితే రేపు బతుకమ్మలో బంతి ఉండదు. ఆ మాట అనే ధైర్యం మన మిత్రులకు కూడా ఉండదనుకుంటాను.

రాధామనోహరం తూర్పు నుంచి వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని రంగూన్ తీగ అన్నారు. ఇండోనేషియాలోని అంబోన్ దీవిలో డచ్చి కంపెనీ ఉద్యోగి రుంఫియస్ దీనికి లాటిన్‌లో ‘క్విస్‌క్వాలిస్’ అని పేరు పెట్టాడు. ‘ఎవరు? ఎట్లాంటిది?’ అని అర్థం. మొదట పొదలాగా ఉండి తర్వాత తీగలాగా పాకడం చూసి తికమకపడి అట్లా పెట్టాడంటారు. ఆ రుంఫియస్ 1670లో చూపు పోగొట్టుకున్నాడు. అయినా చెప్పి రాయించుకుంటూ తన మొక్కల గ్రంథం పూర్తి చేశాడు. అది అచ్చయింది ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకు, 1741లో మొదలై. పువ్వు మొదటి రాత్రి తెల్లగా విచ్చుతుంది, మర్నాడు గులాబీ రంగు, ఆపైన ఎరుపు. రాత్రి తెలుపు చిమ్మటల కోసం, పగటి రంగు తేనెటీగల కోసం అని చెబుతారు.

అసలు వివాదం కాగితం పూల తీగ మీద కనుక దాని కథ కొంచెం వివరంగా చెప్పాలి. 1766లో బోగన్‌విల్ అనే ఫ్రెంచి నావికుడు భూమి చుట్టి రావడానికి బయలుదేరాడు. ఓడలో కొమర్సన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, ఆయన వెంట ఒక సహాయకుడు ఉన్నారు. 1767లో బ్రెజిల్ దేశపు రియో డి జనీరో రేవులో ఈ తీగను సేకరించారు. కొమర్సన్‌కు కాలి పుండుతో నడక కష్టంగా ఉండేది. అందువల్ల కొండలెక్కి మొక్కలు మోసుకొచ్చే పని చాలావరకు ఆ సహాయకుడిదే. ఆ సహాయకుడు నిజానికి మగవాడు కాదు, జాన్ బారె అనే స్త్రీ. ఫ్రెంచి నౌకాదళం ఓడల్లో ఆడవాళ్ళకు ప్రవేశం లేదు కనుక మగవేషంలో ఎక్కింది. దారిలో గుట్టు బయటపడి, కొమర్సన్‌తోపాటు మారిషస్‌లో దిగిపోయింది. ఆయన 1773లో అక్కడే కన్నుమూశాడు. ఆమె 1775 ప్రాంతంలో స్వదేశం చేరింది. అట్లా భూమిని చుట్టి వచ్చిన మొదటి స్త్రీ అయింది.

తీగకు మాత్రం ఓడ కెప్టెన్ పేరు పెట్టారు. మన కార్యాలయాల్లో జరగనిదేమీ కాదు. ఫైలు తయారు చేసేది ఒకరు, సంతకం ఇంకొకరిది. అయితే 1785లో ఫ్రెంచి నౌకా శాఖ జాన్ బారెకు ఏడాదికి 200 లివ్రల పింఛను మంజూరు చేసింది. స్వదేశం చేరిన పదేళ్ళకు! బకాయిల కోసం ఎదురుచూడటం మనకే ప్రత్యేకం కాదని తెలిసి కొంత ఊరట. ఆమె 1807లో మరణించింది. 2012లో శాస్త్రజ్ఞులు వంకాయ కుటుంబంలోని ఒక దక్షిణ అమెరికా మొక్కకు ఆమె పేరు పెట్టారు.

ఆ తీగ 1860 ప్రాంతంలో యూరపు మీదుగా కలకత్తాకు వచ్చింది. మనం పువ్వు అనుకునే రంగు కాగితాలు పువ్వులు కావు, ఆకులే. అసలు పువ్వు వాటి మధ్య ఉండే చిన్న తెల్లని గొట్టం. నీళ్ళు ఎక్కువ పోస్తే ఆకు మేస్తుంది, ఎండగడితే పూస్తుంది. మంజీర ఒడ్డునే ఉన్నా వేసవిలో బిందె నీటికి లెక్క చూసుకునే మనకు ఇంతకన్నా సరిపడే తీగ ఇంకేముంది?

మొక్కల ప్రయాణం ఒకవైపే సాగలేదు. స్కాట్లండు వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా తోటకు అధికారిగా వెళ్ళేదాకా సామర్లకోటలో ఉండి అక్కడి మొక్కలను పరిశీలించాడు. మనదేశపు చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. 1795 నుంచి లండన్‌లో అచ్చయిన ఆయన కోరమాండల్ మొక్కల గ్రంథంలో 300 చిత్రాలున్నాయి. వర్ణనల్లో తెలుగు పేర్లు కూడా రాశాడు. మోదుగ, తీగ మోదుగ అని ఇంగ్లీషు అక్షరాల్లో చదువుతుంటే ఎవరో మన ఊరి మనిషి పక్కన నిలబడి చెప్పినట్టుంటుంది. చెప్పింది మన మనుషులే కదా. ఎర్రని పూల గుత్తులతో చెట్లెక్కే ఆ తీగ మోదుగను ఈనాడు పేరు పెట్టి గుర్తుపట్టగలవారు మనలో ఎందరు? నా దృష్టిలో నష్టం ఇక్కడ ఉంది. కాగితం పూలు వచ్చినందువల్ల మాధవి పోలేదు. మాధవి కొమ్మను అంటుకట్టి పక్కింటికి ఇచ్చే అలవాటు పోయినందువల్ల పోయింది. కడియపులంక నర్సరీల నుంచి బండ్లమీద వచ్చే మొక్కలు అమ్ముడుపోయేవే వస్తాయి, అది వాళ్ళ తప్పు కాదు.

బిళ్ళగన్నేరు గురించి చెప్పకపోతే ఈ రిజిస్టరు పూర్తికాదు. అది మడగాస్కర్ దీవిది. నీరు పోసినా పోయకపోయినా గోడ పగులులో కూడా పూస్తుంది. జమైకాలో దీని ఆకుల కషాయం మధుమేహానికి వాడతారని విని కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ పరీక్షలు చేశారు. చక్కెర తగ్గలేదు గానీ తెల్ల రక్తకణాలు తగ్గాయి. ఆ దారిన వెళ్ళి 1958లో విన్‌బ్లాస్టిన్ అనే మందును వేరు చేశారు. తర్వాత ఇదే మొక్క నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్ పసిపిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో నేటికీ ముఖ్యమైన మందు. అయితే ఆకులు నమిలి షుగరు తగ్గించుకుందామనుకునే మిత్రులకు ఒక హెచ్చరిక. అది విషం, కొలత తెలిసిన వైద్యుల చేతిలోనే మందు.

మరి పరదేశి మొక్కల్లో తీయవలసినవి లేవా అంటే ఉన్నాయి. లాంటానా అందంగా ఉందని తెచ్చుకున్నదే, అడవులను కమ్మేసింది. చెరువులను కప్పే గుర్రపుడెక్కను కూడా పువ్వు చూసి మోజుపడి తెచ్చుకున్నారు. కంచె దాటి పోయేది ఏది, పాదులో ఉండేది ఏది అని చూసి తేల్చాలి గానీ పుట్టిన దేశాన్ని బట్టి కాదు.

కాగితం పూల కొమ్మ కావలసినవారు ముదురు కొమ్మను పెన్సిలు లావున, జానెడు పొడవు కోసి, ఆకులు తుంచి, ఇసుక కలిపిన మట్టిలో ఏటవాలుగా గుచ్చాలి. వానలు మొదలైన పదిహేను రోజుల్లో నాటితే మంచిది. మాధవి తీగను అట్లా కాకుండా, కొమ్మను వంచి ఒక కణుపును మట్టిలో పాతి రాయి పెట్టండి. వేరు పట్టాక కోసి వేరే నాటుకోవచ్చు. ఎవరింట్లోనైనా పాత మాధవి మిగిలి ఉంటే సంఘం సమావేశానికి వచ్చేటప్పుడు రెండు కొమ్మలు తీసుకురావాలని మనవి. పేరు రాసిన చీటీ కూడా కట్టండి, తెలుగులో.