గురి ఎవరి సొత్తు?

పాలంపేటకు వెళ్ళినవారంతా రామప్ప గుడి చూరు కింద నిలబడి తల పైకెత్తుతారు. ఎత్తుచెప్పుల మదనికను చూపించని గైడు అక్కడ ఉండడు. నల్లరాతిని అద్దంలా నునుపుదేల్చిన ఆ శిల్పుల చేతిపనిని గురించి, 1213లో రేచర్ల రుద్రుడు చేసిన ప్రతిష్ఠను గురించి, 2021లో వచ్చిన యునెస్కో గుర్తింపును గురించి ఎందరో రాశారు, ఇంకా రాస్తారు. నేను రాయదలచినది గుడిని గురించి కాదు. ఆ గుడినీ చెరువునూ చుట్టుకొని ఉన్న అడవిని గురించి, అందులో దుప్పులను వేటాడిన తుపాకులను గురించి. సరిగ్గా చెప్పాలంటే, ఆ తుపాకులకు గురి కుదర్చడమనే పనిని గురించి.

2019 నుండి ఈ ఊరు ములుగు జిల్లాలో ఉంది. 2016 దాకా తరతరాలుగా వరంగల్లు జిల్లాయే. ఉత్తరాన తాడ్వాయి, ఏటూరునాగారం అడవులు, దక్షిణాన పాకాల. కాకతీయుల నాటి చెరువులు పైరుకే కాదు, మృగాలకూ నీరిచ్చాయి. వేసవిలో నీళ్ళున్న చోటికే దుప్పి, కణుజు, మనుబోతు దిగివస్తాయి. వాటి వెనుక పులి వస్తుంది. పులి వెనుక దొర వస్తాడు. 1902 ఏప్రిల్లో వైస్రాయి కర్జన్ దంపతులు నెక్కొండ దగ్గర షికారు చేసినప్పుడు రాజా దీన్‌దయాళ్ తీసిన ఛాయాచిత్రం సుప్రసిద్ధం. చచ్చిన పులి పక్కన ఇద్దరూ నిలబడి ఉంటారు. ఆనాటి ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కూడా గొప్ప గురికాడని పేరుపొందినవాడే.

అటువంటి చిత్రాలు ఎన్ని చూసినా వాటిలో రెండు విషయాలు కనబడవు. ఒకటి, ఆ తుపాకి సూటిగా పేలడానికి అంతకుముందు పడిన శ్రమ. రెండు, గుండు తగిలీ చావక పొదల్లోకి పోయిన జంతువు. ఈ రెంటికీ ఉన్న సంబంధం వేట కథలు రాసినవారు చాలామందికి పట్టలేదు. కథలో గురి ఎప్పుడూ వేటగాడి కంట్లోనే ఉంటుంది. నిజానికి అందులో సగం ఇనుములో, కర్రలో, మందులో ఉంటుంది.

కొత్త రైఫిలు చేతికి వచ్చినంత మాత్రాన అది చూసిన చోట కొట్టదు. మన చూపు సరళరేఖ, గుండు దారి వక్రరేఖ. గొట్టం విడిచిన క్షణం నుండి గుండు నేలవైపు జారుతూనే ఉంటుంది. అందుకని గొట్టాన్ని చూపురేఖకు వెంట్రుకవాసి పైకెత్తి అమరుస్తారు. అప్పుడు గుండు దారి చూపురేఖను దగ్గరలో ఒకసారి, దూరంలో మరొకసారి దాటుతుంది. ఆ రెండవ కలయిక ఎన్ని గజాల దూరాన ఉండాలో నిర్ణయించుకుని, సైటును అక్కడికి బిగించడమే జీరోయింగ్.

పద్ధతి చెప్పుకోవడానికి సులువే. బోల్టు తీసేసి గొట్టంలోంచి పాతిక గజాల అవతలి గుర్తును చూడాలి. గొట్టం కదలకుండా ఉండగానే సైటును కూడా అదే గుర్తు మీదికి తేవాలి. ఆ తరువాత కాల్చి చూసుకుంటూ నూరు గజాలకు పోవాలి. రైఫిలును ఇసుకసంచి మీద ఆనించాలి, అయితే ఆనవలసింది కింది కర్ర మాత్రమే. గొట్టం దేనికైనా తగిలితే గుండు పక్కకు పోతుంది. ఒక్క గుండు చూసి సైటు తిప్పేవాడు సాయంత్రం దాకా తిప్పుతూనే ఉంటాడు. మూడు కాల్చి, ఆ మూడు రంధ్రాల నడిమి చోటు ఎక్కడుందో చూసి దిద్దుకోవాలి. గుండు కుడికి పోవాలంటే వెనుక సైటును కుడికి జరపాలి, ముందు సైటునైతే ఎడమకు. గొట్టం వేడెక్కితే గుంపు జారిపోతుంది కనుక మధ్యమధ్య ఆగి చల్లారనివ్వాలి. అడవిలో దుప్పి మీద పేలేది చల్లని గొట్టంలోంచి వెళ్ళే మొదటి గుండే గదా, అందుచేత ఆ మొదటి గుండు ఎక్కడికి పోతుందన్నదే అసలు ప్రశ్న.

దుర్భిణి బిగించిన రైఫిలుకు లెక్క ఇంకా సన్నం. డిగ్రీలో అరవయ్యో వంతును ఇంగ్లీషువారు నిమిషం అన్నారు. మన సిద్ధాంతులు దాన్నే కళ అంటారు. నూరు గజాల దూరాన ఒక కళ అంగుళానికి పిసరంత ఎక్కువ. చాలా దుర్భిణుల్లో మరను ఒక్క మెట్టు తిప్పితే పావు కళ జరుగుతుంది. అంటే నాలుగంగుళాలు పైకి పోవాలంటే పదహారు మెట్లు. పంచాంగం గుణించేవారికి ఈ పని బాగా అబ్బుతుందని నాకొక అనుమానం.

నేను వేటగాణ్ణి కాను. తుపాకితో నా పరిచయమల్లా కాలేజీలో ఎన్.సి.సి. వారిచ్చిన 22 బోరు రైఫిలుతోనే. అక్కడి ఉస్తాదు హిందీలో ‘శిస్త్’ తీసుకోమనేవాడు, అంటే గురి చూడమని. మాకు తెలిసిన శిస్తు భూమికి కట్టేది. ఇక్కడ దేనికి కట్టాలని ఎవడో వెనుకనుంచి గొణిగితే వరుస మొత్తానికీ నవ్వాగలేదు. కాని ఆయన చెప్పిన మాట ఒకటి నిలిచిపోయింది. గుండ్లు నల్లచుక్కలో పడకపోయినా ఫరవాలేదు, అన్నీ ఒక్కచోట పడాలి. చోటు మార్చడం సైటు పని, ఒక్కచోట పడేయడం నీ పని.

వరంగల్లు ఎండకు ఈ లెక్కలు మరింత తారుమారవుతాయి. ఆనాటి దొరల జోడుగొట్టాల రైఫిళ్ళకు గురి కుదిరేది లండనులోనో బర్మింగ్‌హాములోనో. రెండు గొట్టాలూ ఒకే చోట కొట్టేలా వాటి మధ్య సన్నని ఆప్పు పెట్టి, కాల్చి చూసి, కరిగించి, జరిపి, మళ్ళీ అతికేవారు. అదంతా ఫలానా తూటాకు, ఫలానా మందుకు కుదిర్చిన అమరిక. నాటి కార్డైటు మందు వేడికి ఎక్కువ ఒత్తిడితో పేలేది. ఇంగ్లండు చలిలో కుదిరిన గురి ఏప్రిల్ ఎండలో కుదరదు. అందుకే ఇండియాకు పంపే తూటాలలో మందు తగ్గించి నింపేవారు. ఇక వానాకాలంలో కర్ర ఉబ్బి గొట్టాన్ని ఒత్తితే, వేసవిలో సరిపోయిన సైటు శ్రావణానికి సరిపోదు. ఏ ఋతువుకా ఋతువు మళ్ళీ కాల్చి చూసుకోవలసిందే.

ఇంత యాతన ఎందుకంటే, దుప్పిలో ప్రాణం పోయే చోటు జానెడు. ముందుకాలి వెనుక, గుండె ఊపిరితిత్తులున్న మేర. నూరు గజాల దగ్గర రెండంగుళాల తప్పు రెండు వందల గజాలకు నాలుగంగుళాలవుతుంది. అక్కడికి చెయ్యి ఒణుకూ జంతువు కదలికా తోడైతే గుండు కడుపులోకి పోతుంది. కడుపులో దెబ్బతిన్న దుప్పి అక్కడ పడదు. పరుగెత్తిపోయి, గంటలకొద్దీ బాధపడి, ఎక్కడో ముళ్ళపొదలో చస్తుంది. షికారు పుస్తకాల పట్టికలలో అది లెక్కకు రాదు.

దొర రైఫిలు సంగతి ఇది. మరి పల్లె వేటగాడి చేతిలో ఉన్నదేమిటి? భర్మార్. మూతినుంచి మందు దట్టించి, గుడ్డపీలిక కుక్కి, గుండో రవ్వలో వేసి, కడ్డీతో కూరి పేల్చే తుపాకి. దాని గొట్టం లోపల నున్నగా ఉంటుంది. రైఫిలు గొట్టంలో మరచుట్లవంటి గాళ్ళుంటాయి. అవి గుండును బొంగరంలా తిప్పి వదులుతాయి కనుక అది తిన్నగా పోతుంది. నున్నని గొట్టంలో వదులుగా ఉన్న గుండు గోడలకు కొట్టుకుంటూ వచ్చి, చివరి గోడ ఎటు తోస్తే అటు పోతుంది. దానికి ఎంత సైటు దిద్దినా లాభం లేదు. నలభై యాభై అడుగుల్లోకి పాకి వెళ్ళగలగడమొక్కటే ఆ వేటగాడికున్న గురి. గాలివాలు చూడడం, ఎండుటాకు చప్పుడు కాకుండా అడుగు వేయడం అతని విద్య. ఆ విద్య గొప్పదే. కాని ఆ తుపాకి దెబ్బకు కుంటుకుంటూ పోయిన దుప్పులు తక్కువని అనుకోవడం కూడా పొరపాటే.

ఇది కేవలం డబ్బున్నవాడికీ లేనివాడికీ ఉన్న తేడా అని తోస్తుంది. కాని అంతటితో పోదు. 1857 తిరుగుబాటుకు నిప్పు అంటించినది ఎన్‌ఫీల్డు రైఫిలు తూటాలేనని బడిలో చదువుకున్నాం. ఆ తరువాతి కథ పాఠాల్లో లేదు. దేశీయ సిపాయిల కోసం అదే ఎన్‌ఫీల్డును మరచుట్లు తొలిచివేసి, లోపల నున్నగా చేసి ఇచ్చారు. దూరాన్నిబట్టి ఎత్తు మార్చుకునే సైటు తీసివేసి కదలని దిమ్మె బిగించారు. బయటికి రైఫిలే, లోపల గురి లేదు. ఇరవయ్యో శతాబ్దంలో కూడా పోలీసులకు, జైలు కాపలాదారులకు 303 రైఫిలునే గుల్ల చేసి 410 మస్కెటుగా ఇచ్చారు.  తుపాకి ఎవరికివ్వాలన్న ప్రశ్నకు 1878 ఆయుధ చట్టం జవాబు చెప్పింది. ఇచ్చిన తుపాకి ఎంత దూరం తిన్నగా కొట్టాలన్న ప్రశ్నకు కర్మాగారం జవాబు చెప్పింది. మొదటిదాన్ని గురించి జాతీయోద్యమ చరిత్రలో చాలా చదువుతాం. రెండవదాన్ని గురించి చదివిన గుర్తు నాకు లేదు.

ఆ భయం చివరికి షికారీ దొరలనూ కుదిపింది. 1907లో 450 బోరు తూటాలు ఇండియాకు రాకుండా నిషేధించారు, పాత మార్టినీ-హెన్రీ రైఫిళ్ళు పట్టుకున్నవారికి ఆ గుండ్లు పనికివస్తాయేమోనని. లండను తయారీదారులు 465, 470, 475 అంటూ కొత్త బోర్లు అమ్మవలసి వచ్చింది. సైన్యపు బోరు పౌరులకు కూడదన్న ఆ నియమపు నీడ స్వాతంత్ర్యం తరువాత కూడా పోలేదు. మన ఇషాపూరు కర్మాగారం పౌరులకోసం 315 బోరు రైఫిలు చేయడానికి మూలం అదే.

1946 తరువాత ఈ జిల్లాలలోనే రైతులు దొరల గడీల మీదికి లేచినప్పుడు వారి చేతుల్లోకి వచ్చిన తుపాకుల్లో భర్మార్లు ఎన్నో. దుప్పి కోసం దట్టించిన గొట్టం రజాకారు కోసం దట్టించారు. ఎదుటివైపు పోలీసులకు, 1948 సెప్టెంబరు తరువాత యూనియన్ సైన్యానికి, మరచుట్లున్న తుపాకులు. తెలంగాణ సాయుధ పోరాటాన్ని సిద్ధాంతాలతో, నాయకులతో వివరిస్తాం గాని, నలభై అడుగుల తుపాకి మూడు వందల గజాల తుపాకితో తలపడినప్పుడు మైదానంలో ఎవరు నిలవగలరో, అడవి ఎందుకు ఆశ్రయమైందో ఎవరైనా వివరంగా రాస్తే చదవాలని ఉంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో షికారుకు తలుపులు మూసుకున్నాయి. ఏటూరునాగారం, పాకాల అడవులు అంతకుముందే, 1950ల తొలినాళ్ళలోనే అభయారణ్యాలయ్యాయి. ఈ రోజు దుప్పి కోసం రైఫిలుకు గురి కుదుర్చుకోవడమన్న పని మన నేల మీద చట్టబద్ధంగా లేదు. అమెరికాలోని మిత్రులకు మాత్రం శరత్కాలం రాగానే ఇరుగుపొరుగువారు ఇసుకసంచులూ కాగితపు గుర్తులూ పట్టుకుని రేంజికి పోవడం కనబడుతూనే ఉంటుంది. మనకు ఆ విద్య ఆటగా మిగిలింది. 2012 లండను ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన హైదరాబాదీ గగన్ నారంగ్ గురిపెట్టిన పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు.

వేట మాత్రం ఆగలేదు. తుపాకి మోత ఫారెస్టువారికి వినబడుతుంది కనుక ఇప్పుడు తుపాకి అవసరం లేని పద్ధతి వచ్చింది. పదకొండు వేల వోల్టుల లైను మీద కొక్కెం వేసి, నీళ్ళకు దిగే దారికి అడ్డంగా మోకాలెత్తున జి.ఐ. తీగ లాగుతారు. దుప్పి వచ్చినా, అడవిపంది వచ్చినా, తప్పిపోయిన పశువు వచ్చినా ఒకటే. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా కాటారం అడవిలో అటువంటి తీగ తగిలి, కూంబింగుకు వెళ్ళిన గ్రేహౌండ్స్ కానిస్టేబులు ఒకరు మరణించారు.