కమానునకు కళ్ళెము

శ్రీకృష్ణదేవరాయలు 1513, 1514 సంవత్సరములలో ఉదయగిరి దుర్గమును ముట్టడించి గజపతులనుండి గైకొనిన వృత్తాంతము మీరెఱుగనిది కాదు. ఆ ముట్టడి ఏడాదిన్నర సాగెననియు, కొండలను తొలిచి పెనుబండలను పగులగొట్టి సైన్యమునకు దారి యేర్పఱచిరనియు నూనిజ్ అను పోర్చుగీసు వర్తకుడు వ్రాసియున్నాడు. రాజు తన సేనకు తగినట్లు దారిని మార్పగలిగెను. అట్టి శక్తి లేని సామాన్యుడు దారికి తగినట్లు బండినే మార్చుకొనవలసి వచ్చెను. ఆ మార్పు కథయే నేటి నా ప్రసంగము.

మన యెద్దుబండికి కమాను లేదు. ఇరుసుమీది దెబ్బ నేరుగా మనిషి నడుమునకు తగులును. అందుచేత మా చిన్ననాట బండిలో వరిగడ్డి దట్టముగా పఱచి, పైన దుప్పటి వేసి, వృద్ధులను కూర్చుండబెట్టెడివారు. గడ్డి రెండు పనులు చేయును. మొదటిది, అణగి దెబ్బను పుచ్చుకొనును. రెండవది, పరకలు ఒండొంటితో ఒరసికొనుటచే ఆ దెబ్బను మఱల పైకి తన్నదు. ఈ రెండవ గుణమును జ్ఞాపకముంచుకొనుడు.

1804లో ఇంగ్లండునందు ఒబదయా ఇలియట్ అనునతడు ఇనుపపట్టెల కమానులను బండ్లకు అమర్చుటకు పేటెంటు పొందెను. మన జట్కాబండ్లకును కమానులుండెడివి. కమాను భారమును మోయును. కాని పుచ్చుకొన్న దెబ్బను తనయందు దాచుకొని తిరిగి యిచ్చివేయును. గుఱ్ఱపు నడకలో, పట్టెల ఒరపిడియే ఆ యెగురును కొంత అణచెడిది. మోటారు వేగము వచ్చిన తరువాత అది చాలకపోయెను. ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఫ్రాన్సునందు త్రూఫో అనునతడు ఒరపిడి బిళ్ళలతో అణచు సాధనమును కల్పించెను. అమెరికాలో హార్ట్‌ఫర్డు దానిని వ్యాప్తి చేసెను. పిమ్మట నూనెతో పనిచేయు సాధనములు వచ్చినవి. 1941లో యుద్ధమునకై తయారైన విల్లీస్ జీపునకు కమాను పట్టెలతోపాటు నూనె గొట్టములును ఉండెను. వీటినే మనము షాక్ అబ్జార్బర్లు అనుచున్నాము.

దీని పని తెలిసికొనుట కష్టము కాదు. గొట్టములో నూనె, నూనెలో సన్నని రంధ్రములుగల పిస్టను. చక్రము లేచి దిగునపుడు నూనె ఆ రంధ్రములగుండ ఇరుకున దూరి, కుదుపులోని శక్తిని వేడిగా మార్చును. సాధారణముగా కమాను అణగునప్పటికంటె సాగునప్పుడు దీని పట్టు ఎక్కువగా నుండును; ఏలయనగా, దాచిన దెబ్బను కమాను తిరిగి యిచ్చునది అప్పుడే.

కొన్నేండ్ల క్రిందట మా బంధువొకడు తన నాలుగు చక్రములు లాగెడి బండిలో మమ్ము ఏడుగురిని భైరవకోన యాత్రకు తీసికొనిపోయెను. లోపల బియ్యపు మూటలు, నీళ్ళ డబ్బాలు. పైన పరుపులు, వంటపాత్రలు. వెనుకభాగము క్రుంగుచున్నదని అతడు ముందుగనే కమానుకు రెండు పట్టెలు అదనముగా వేయించెను. షాక్ అబ్జార్బర్లు మాత్రము పాతవే. తిరుగుప్రయాణమున ఉదయగిరి దాటి ఆత్మకూరు దెస వచ్చుచుండగా, మలుపులోని మోరీగట్టు ఎక్కి దిగినంతనే బండి ఉయ్యాలవలె నాలుగుమాఱులు ఎగిరెను. వెనుక చక్రములు నేల విడిచి ప్రక్కకు జరిగినవి. చింతచెట్టునకు జానెడు దూరమున బండి నిలిచెను. మా అక్కగారి నుదురు చిట్లెను. ఆత్మకూరులో బండిని చూచిన మేస్త్రి ఒక్కమాట చెప్పెను: “బలం పెంచినారు గానీ, పట్టు పెంచలేదు అయ్యవారూ!”

ఆ మాటలో గణితమున్నది. భారము ఒకటిన్నర రెట్లై, కమాను బిగువును ఒకటిన్నర రెట్లైనచో, మునుపటి నెమ్మది నిలుచుటకు షాక్ అబ్జార్బరు పట్టు సయితము ఒకటిన్నర రెట్లు కావలెను. కమాను మార్పక భారమే ఒకటిన్నర రెట్లైనచో, పట్టు నూటికి ఇరువదిరెండు పాళ్ళు పెరిగిన చాలును. పట్టు తక్కువైన బండి ఊగులాడును.

అట్లని గట్టిదే మేలనుట పొరపాటు. గులకదారిలో అలలవలె గట్లు వరుసగా నుండును. సాగునప్పటి పట్టు మితిమీఱినచో, అణగిన కమాను తేఱుకొనకముందే మఱియొక గట్టు తగులును. బండి అంతకంతకు క్రుంగి, చక్రము నేలపట్టు కోలుపోవును. ఖాళీబండిలోనైతే ప్రతి రాయియు నడుమును తాకును.

కావున ఏటికొకసారి మోయు పెద్దబరువునకు గాక, ఖాళీబండికిని గాక, సాధారణముగా మోయు బరువునకు తగిన పట్టును ఎన్నుకొనవలెను. భారము తఱచు మాఱువారికి పట్టును సవరించుకొను వీలుగలవి మేలు. కమాను మార్పించినప్పుడెల్ల వీటిని గూర్చియు అడుగవలెను. గొట్టముపై నూనె కాఱిన మరక కనబడినచో ప్రయాణమునకు ముందే బాగుచేయింపవలెను. గతుకుదారిలో చాలదూరము పోయిన పిమ్మట బండిని కొంతసేపు నిలుపుడు. నూనె కాగి పలుచనైనచో పట్టు తగ్గును.

మోయుట వేఱు, నిలుపుట వేఱు. మన పెద్దలకు వరిగడ్డి నేర్పిన ఈ భేదమును మా బంధువును నేనును మఱచితిమి. మా అక్కగారి నుదుటి మచ్చ దానిని నాకు నేటికిని జ్ఞప్తికి తెచ్చుచున్నది. మీ బిడ్డలు మిమ్ము యాత్రకు రమ్మని బండి తెచ్చినపుడు, ఎక్కుటకు ముందు ఈ ప్రశ్న అడుగుడు: “నాయనా, కమాను బలపఱచితివి సరే, దానికి కళ్ళెము వేసితివా?”