ఈ బస్సు ఎవరితో మాట్లాడుతోంది?

ఇమ్లీబన్ బస్టాండ్‌లో రాత్రి 11 దాటింది. విజయవాడ సూపర్ లగ్జరీలో మీకు ఎడమవైపు మొదటి సీటు దొరికింది. ఎదురుగా ఉన్న అద్దమంతా మీదే. డ్రైవరన్న టిమ్ మెషిన్ మీద చివరి టికెట్ కొట్టి ఇచ్చి, సీట్లో సర్దుకుని తాళం తిప్పాడు. ఇంజిన్ గుర్రుమంది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి.

అదే క్షణంలో డ్యాష్‌బోర్డు వెనక చిన్న డబ్బా ఒకటి నిద్ర లేచింది. డ్రైవర్లు దాన్ని జీపీఎస్ అని తేల్చేస్తారు. అందులో ఉపగ్రహాల సంకేతాలు పట్టే రిసీవర్, ఊడదీయడానికి వీల్లేని సిమ్, బస్సు బ్యాటరీ తెగినా కొన్ని గంటలు నడిపించే సొంత బ్యాటరీ ఉంటాయి. ప్రయాణికుల వాహనాల్లో ఇలాంటి డబ్బా, దానితోపాటు ఎమర్జెన్సీ బటన్ ఉండాలని కేంద్రం 2016 నవంబరులో మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చింది. 2019 జనవరి 1 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే బండ్లకు అది తప్పనిసరైంది. ఏఐఎస్-140 అనే ప్రమాణం ప్రకారం వాటిని తయారు చేస్తారు.

బస్సు చాదర్‌ఘాట్ దాటి మలక్‌పేట వైపు మళ్లింది. మీ ఫోన్‌లో మ్యాప్ తెరవండి. నెత్తిన మెట్రో వంతెన, రెండు పక్కలా మేడలు. నీలి చుక్క రోడ్డు వదిలేసి పక్క గల్లీలోకి దూరింది, మళ్లీ వచ్చింది, మళ్లీ దూరింది. డ్యాష్‌బోర్డు వెనకున్న డబ్బా పాట్లు కూడా ఇవే.

బస్సు ఉపగ్రహంతో మాట్లాడుతుందని చాలామంది అనుకుంటారు. మాట్లాడదు, వింటుంది అంతే. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు ‘ఇప్పుడు సమయం ఇంత, నేను ఫలానా చోట ఉన్నాను’ అని నిరంతరం చాటుతూనే ఉంటాయి. శ్రీహరికోట నుంచి ఎగిరిన మన నావిక్ ఉపగ్రహాలు కూడా అదే పని మీద ఉన్నాయి. ఆ మాట నేలకు చేరడానికి ఎంత ఆలస్యమైందో కొలిచి, డబ్బా తన చోటు లెక్కగట్టుకుంటుంది. మూడు దూరాలు తెలిస్తే చోటు తేలాలి. కానీ పైనున్నవి అణు గడియారాలు, డబ్బాలో ఉన్నది చౌక గడియారం. సెకనులో పది లక్షల వంతు తేడా వచ్చినా లెక్క 300 మీటర్లు తప్పుతుంది. ఆ తేడాను సరిదిద్దడానికి నాలుగో ఉపగ్రహం కావాలి. మెట్రో వంతెన కింద ఆకాశం సందుల్లోంచే కనబడుతుంది. గోడలకు తగిలి వచ్చిన సంకేతం దూరాన్ని ఎక్కువ చేసి చెబుతుంది. చుక్క గల్లీలోకి దూరింది అందుకే.

ఎల్బీనగర్‌లో ఐదారుగురు ఎక్కారు. అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఒకమ్మాయి వెనక సీట్లో కూర్చుంటూనే ఇంటికి ఫోన్ చేసింది.

“నాన్నా, ఎక్కేశా. కోదాడకు నువ్వు ఇప్పుడే రాకు, చలి. లింకు పంపిస్తా, బస్సు ఎక్కడుందో చూసుకుని బయల్దేరు.”

తెలంగాణ ఆర్టీసీ 2023 ఆగస్టులో తెచ్చిన గమ్యం యాప్‌లో బస్సు కదలికను ఇంట్లో కూర్చునే చూడొచ్చు. చోటు లెక్క తేలగానే డబ్బా ఒక వరుస తయారు చేస్తుంది. బండి నంబరు, తేదీ, సమయం, అక్షాంశం, రేఖాంశం, వేగం, ఏ దిక్కుకు పోతోంది, ఎన్ని ఉపగ్రహాలు అందుతున్నాయి, ఇంజిన్ నడుస్తోందా, డబ్బా మూత ఎవరైనా విప్పారా అన్నీ కామాలతో వరుసగా ఉంటాయి. మొబైల్ టవర్ మీదుగా ఆ వరుస సర్వర్‌కు చేరుతుంది. బండి నడుస్తున్నంతసేపూ కొన్ని సెకన్లకొకటి చొప్పున వెళ్తూనే ఉంటుంది. కిటికీ పక్కనున్న ఎర్ర బటన్ ఎవరైనా నొక్కితే ఆ వరుస స్వభావమే మారిపోతుంది. ‘మామూలు’ అని ఉన్నచోట ‘ఆపద’ అని పడి, అత్యవసర వ్యవస్థ చిరునామాకు పోతుంది.

హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట, ఔటర్ రింగ్ రోడ్డు దీపాలు వెనక్కి పోయాయి. చౌటుప్పల్ దాటాక బస్సు వేగం తగ్గింది. ఎదుట ఎర్రటి బ్రేకు లైట్లు బారులు తీరాయి. పంతంగి టోల్‌గేట్. సంక్రాంతికి ఊళ్లకు పోయేవాళ్లకు ఈ పేరు వింటేనే నీరసం వస్తుంది.

మీ మ్యాప్‌లో ఈ ముక్క అప్పటికే ఎర్రబారింది. ఈ వరుసలో నిలబడ్డ ఫోన్లన్నీ నత్తనడకన సాగుతున్నాయని మ్యాప్ సర్వర్లకు చెప్పాయి. మీ ఫోన్ కూడా చెప్పింది. 2020లో సైమన్ వెకర్ట్ అనే కళాకారుడు 99 ఫోన్లను చిన్న బండిలో వేసుకుని బెర్లిన్‌లో ఖాళీ వీధిలో నెమ్మదిగా లాక్కుంటూ పోయాడు. గూగుల్ మ్యాప్స్ ఆ వీధిలో ట్రాఫిక్ జామ్ చూపించింది. మ్యాప్ చూసేది ఫోన్లనే, రోడ్డును కాదని అతను ఒక్క నడకతో రుజువు చేశాడు.

లేన్‌లో మీ ముందు ఒక లారీ. పైకప్పుకు బిగించిన రీడర్ కింద ఆగింది. గేటు లేవలేదు. బూత్‌లో కుర్రాడు తల బయట పెట్టాడు.

“అన్నా, ట్యాగ్ బ్లాక్‌లిస్ట్‌ల ఉంది. యూపీఐ అయితే ఒకటింబావు టోల్ పడుతది.”

“పొద్దున్నే రీచార్జ్ చేసిన తమ్మీ!”

“నాకేం కనబడతలేదన్నా.”

ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు. అద్దానికి అంటించిన ఫాస్టాగ్ స్టిక్కర్‌లో బ్యాటరీ ఉండదు. రీడర్ 865–867 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాన్ని విసిరితే, స్టిక్కర్‌లోని యాంటెన్నా ఆ తరంగం నుంచే కాస్త శక్తి తీసుకుంటుంది. చిప్ మేల్కొని తన నంబరును ఆ తరంగం మీదే తిప్పి పంపుతుంది. అంతవరకే దాని పని. ఖాతాలో ఎంతుందో స్టిక్కర్‌కు తెలియదు. చెల్లని ట్యాగుల జాబితా టోల్ ప్లాజాకు ఎప్పటికప్పుడు అందుతుంది. పేరు అందులో లేకపోతే గేటు లేస్తుంది. డబ్బు లెక్క ఆ తర్వాత ప్లాజా బ్యాంకు నుంచి చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐకి, అక్కడి నుంచి ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకు పోతుంది. గేటు దాటాక కాసేపటికి ఎస్సెమ్మెస్ రావడానికి కారణం అదే. రీచార్జ్ కబురు ఈ దారిలో వెనక్కి రావడానికీ కొంత సమయం పడుతుంది.

లారీ డ్రైవర్ విసుక్కుంటూ ఫోన్ తీసి క్యూఆర్ కోడ్‌కు చూపించాడు. గేటు లేచింది. తర్వాత మన బస్సు వంతు రెండు సెకన్లలో ముగిసింది.

చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, కొర్లపహాడ్ టోల్‌గేట్. రెండు గంటలు కావస్తుండగా సూర్యాపేటలో చాయ్‌కి ఆపారు. స్టాల్ దగ్గర పంతంగి లారీ డ్రైవరే కనబడ్డాడు. గ్లాసు నోటిదాకా తెచ్చాడో లేదో ఫోన్ మోగింది.

“ఆఁ సేట్... సూర్యాపేటల ఉన్న. చాయ్ తాగుతున్న సేట్, పది నిమిషాలు గూడ కాలే... ఇంజిన్ బంద్ జేసిన, డీజిల్ దండగని.”

ఫోన్ జేబులో పెట్టి మీ వైపు చూసి నవ్వాడు. “కీ తిప్పినమో లేదో ఆయనకు మెసేజ్ పోతది. ఇంటోళ్లు గూడ గిట్ల అడగరు.”

లారీలోని డబ్బా పంపే వరుసలో ‘ఇంజిన్ ఆగింది’ అన్న ఒక్క అంకె చేసిన పని అది. ఈ లారీ గురించి సర్కారుకూ తెలుసు. సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు ఉండాలి, దానికి రోజుకు 200 కిలోమీటర్ల చొప్పున గడువు. టోల్‌గేట్లో ట్యాగ్ చదివిన సమాచారం జీఎస్‌టీ అధికారులకూ అందుతుంది. యజమానికి ఇంజిన్ సంగతి, పన్నుల శాఖకు సరుకు సంగతి, బ్యాంకుకు టోల్ సంగతి. ఎవరి ముక్క వాళ్లకు చేరుతోంది.

బస్సు మళ్లీ కదిలింది. కొంతదూరం పోయాక అమ్మాయి ఫోన్ మోగింది.

“ఇంకా సూర్యాపేటలోనేనా? బస్సు కదలట్లేదుగా, బ్రేక్‌డౌనా అమ్మా?”

“లేదు నాన్నా, ఎప్పుడో బయల్దేరాం. నువ్వు రా.”

మధ్యలో టవర్ సరిగా అందని చోటు తగిలింది. అలాంటప్పుడు డబ్బా తన వరుసలను లోపలే దాచుకుంటుంది. కనీసం 40 వేల వరుసలు పట్టే చోటు ఉండాలని ప్రమాణం చెబుతోంది. టవర్ దొరికాక, సమ్మె విరమించిన పోస్ట్‌మ్యాన్ వారం ఉత్తరాలు ఒకేసారి తెచ్చిచ్చినట్టు, అన్నీ పంపేస్తుంది. ఏదీ పోదు. కానీ దాచుకున్న కబురు ఆ తండ్రి కంగారుకు పనికిరాలేదు. కోదాడలో ఆయన బండి స్టాండు వేసి ఎదురుచూస్తూ కనిపించాడు. అమ్మాయి దిగింది.

సరిహద్దులో పాలేరు వంతెన దాటాక రోడ్డు ఖాళీ. డ్రైవరన్న వేగం పెంచాడు. మీ మ్యాప్‌లో దారంతా నీలం. ఉన్నట్టుండి ఆయన బ్రేకు మీద కాలేశాడు. తలలు ముందుకు ఊగాయి. లైట్ల వెలుగులో రోడ్డు మీద పచ్చి వేపకొమ్మ, దాని వెనక రెండు రాళ్లు. బస్సు కుడి లేన్‌లోకి తప్పుకుంది. పక్కనుంచి చూస్తే చీకట్లో, ఒక్క దీపమైనా లేకుండా, ఎడమ లేన్ నిండా ఆగిపోయిన లారీ.

కొమ్మ పెట్టినవాడెవరో ఈ రాత్రి ఈ రోడ్డు మీద ఒక వాహనం నుంచి ఇంకో వాహనానికి నేరుగా చేరే కబురు పంపాడు. యూరప్‌లో ఫోక్స్‌వాగన్ ఎనిమిదో తరం గోల్ఫ్ ఈ పని రేడియోతో చేస్తుంది. ఆగిపోయిన కారు 5.9 గిగాహెర్ట్జ్ మీద హెచ్చరిక పంపితే, సుమారు 800 మీటర్ల లోపు వస్తున్న అలాంటి కారులో డ్రైవర్ ముందు అది వెలుగుతుంది. మధ్యలో టవర్ లేదు, సర్వర్ లేదు. ఇక్కడ ఆ రేడియో లేదు. ఆ లారీలోనూ డబ్బా ఉండే ఉంటుంది. ‘వేగం సున్నా, ఇంజిన్ బంద్’ అన్న వరుస ఎక్కడో ఉన్న సర్వర్‌కు చేరే ఉంటుంది. వెనక 200 మీటర్ల దూరంలో వస్తున్న బస్సుకు మాత్రం ఆ కబురు రావడానికి దారి లేదు. యజమాని సర్వర్‌కూ మన డిపో సర్వర్‌కూ చుట్టరికం లేదు.

“చూసినవా అన్నా? కొమ్మ లేకుంటే అయిపోతుండె. ఎన్క మా డిపోది ఇంకో బండొస్తుంది. నేను ఫోన్ పట్టలేను. నువ్వు 1033కి కొట్టు, హైవేవాళ్లది.”

మీరు ఫోన్ కొట్టారు. అవతల గొంతు అడిగిన మొదటి ప్రశ్న: “ఏ కిలోమీటరు రాయి దగ్గర? విజయవాడ వెళ్లే వైపా, హైదరాబాద్ వెళ్లే వైపా?” మీ ఫోన్‌కు ఆ చోటు అక్షాంశ రేఖాంశాల్లో తెలుసు, కిలోమీటరు రాయి తెలియదు. డ్రైవరన్న రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే వంతెన దాటి ఎంత దూరమో, పక్కన ఏ దాబా ఉందో, ముందు ఏ రాయి వచ్చిందో చెబుతూ పోయాడు. మీరు ఒక్కొక్కటే ఫోన్‌లో అప్పజెప్పారు.

“ఏమన్నరు?”

“పెట్రోలింగ్ బండి పంపిస్తున్నారట.”

“చాలు,” అని ఆయన మళ్లీ గేరు మార్చాడు. “చిల్లకల్లు టోల్‌ల ఆగినప్పుడు ఎన్క బండి డ్రైవర్‌కు గూడ చెప్త.”