ఇన్సులిన్ నిరోధకత: రక్తపు కొవ్వుల సూచికలు

పెద్దల్లో కణాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించని స్థితిని పరోక్షంగా పసిగట్టే కొలతలు ఇవి. కచ్చితమైన పరీక్ష, ఇన్సులిన్, గ్లూకోజు ఎక్కిస్తూ చేసే క్లాంప్. అది గంటలు పట్టే పరిశోధనశాల పని. మామూలు ల్యాబులోనూ జరిగే లిపిడ్ ప్రొఫైల్, పరగడుపు షుగర్ పరీక్షలే ఈ సూచికలకు చాలు.

నిరోధకత ముదిరితే కొవ్వు కణాల నుంచి కొవ్వు ఆమ్లాలు కాలేయానికి పోటెత్తుతాయి. కాలేయం వాటిని ట్రైగ్లిజరైడ్లుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. ఆ ట్రైగ్లిజరైడ్లు కొంత హెచ్‌డీఎల్‌లోకి చేరడంతో అది త్వరగా విచ్ఛిన్నమై తగ్గిపోతుంది. అందుకే ట్రైగ్లిజరైడ్లను హెచ్‌డీఎల్‌తో భాగిస్తారు. 2003లో అమెరికా పరిశోధకులు అధిక బరువున్నవారిలో ఈ నిష్పత్తి 3 దాటడాన్ని నిరోధకతకు గుర్తుగా ప్రతిపాదించారు. ట్రైగ్లిజరైడ్లు 180, హెచ్‌డీఎల్ 36 అయితే నిష్పత్తి 5, అనుమానించాల్సిందే. ఎల్‌డీఎల్ ఒక్కటే చూసి రిపోర్టు మడిచేయడం మనవాళ్ల అలవాటు, ఈ సంగతి అక్కడే జారిపోతుంది.

రెండోది టీవైజీ సూచిక. పరగడుపు ట్రైగ్లిజరైడ్లు, గ్లూకోజుల లబ్ధంలో సగానికి సహజ సంవర్గమానం ఇది. ట్రైగ్లిజరైడ్లు 180, గ్లూకోజు 100 అయితే సుమారు 9.1. మెక్సికో బృందం దీన్ని 2008లో ప్రతిపాదించింది.

నిరోధకతను ఈ సూచికలు లేకుండానూ అంచనా వేస్తారు. హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో 1987–90లో గర్భిణులకు, పిల్లలకు అదనపు ఆహారం ఇచ్చారు. ఆ పిల్లలకు 13–18 ఏళ్లు వచ్చాక నిరోధకత తక్కువగా కనిపించింది. ఆ అధ్యయనంలో కొవ్వుల సూచికలతో కాక, ఇన్సులిన్‌నే కొలిచి దాన్ని అంచనా వేశారు.

కొవ్వుల సూచికలకు హద్దు అన్ని జాతులకూ ఒకటి కాదు. ఆఫ్రికా మూలాలవారిలో నిరోధకత ఉన్నా ట్రైగ్లిజరైడ్లు తరచు పెరగవు. కొవ్వు తగ్గించే మందులూ లెక్కను మారుస్తాయి.