చిన్న ఓఎస్‌కి ఎన్ని సిస్టమ్ కాల్స్ ఉంటే చాలు? ఆ లెక్క వెనక కథ

ఈరోజు ఒక లెక్క గురించి మాట్లాడుకుందాం. ఎవరో ఒక కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ రాశారు. చాలా తేలిక, సైజు ఒక ఎంబీ. దాని మీద మనకు తెలిసిన యాప్స్ నడవాలంటే లైనక్స్‌లో ఉన్నవాటిలో ఎన్ని ఇందులో ఉండాలి? వినడానికి చిన్న ప్రశ్నే. దీన్ని సరిగ్గా కొలవడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

ముందు సిస్టమ్ కాల్ అంటే ఏంటో చూద్దాం. మన మేళ్లచెరువులో ఎవరికైనా ఆదాయం సర్టిఫికెట్ కావాలంటే తహసీల్దార్ ఆఫీసులోకి పోయి తనే స్టాంపు గుద్దుకోలేడు కదా. మీసేవలో అప్లికేషన్ పెట్టుకోవాలి. యాప్ కూడా అంతే. ఫైల్ తెరవాలన్నా, నెట్‌లో డేటా పంపాలన్నా హార్డ్‌వేర్‌ని నేరుగా ముట్టుకోలేదు. కెర్నల్ కౌంటర్ దగ్గర అడగాలి. ఆ అడగడమే సిస్టమ్ కాల్.

1971లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ చేసిన యూనిక్స్ మొదటి మాన్యువల్‌లో ఇలాంటి కౌంటర్లు ముప్పై చిల్లర మాత్రమే. ఓపెన్, రీడ్, రైట్, క్లోజ్, ఫోర్క్ లాంటివి. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ మొదలుపెట్టాడు. అప్పటి నుంచి కౌంటర్లు పెరుగుతూనే ఉన్నాయి, ఇప్పుడు 300 దాటాయి. ఒకసారి పెట్టిన కౌంటర్‌ని లైనక్స్ తీసేయడం చాలా అరుదు, ఎందుకంటే ఎక్కడో ఏదో పాత యాప్ దాని మీద ఆధారపడి ఉంటుంది.

ఇక తేలిక ఓఎస్‌ల సంగతి. 2013లో అస్ప్లాస్ కాన్ఫరెన్స్‌లో యూనికెర్నల్స్ మీద ఒక పేపర్ వచ్చింది. మొదటి రచయిత పేరు అనిల్ మాధవపెద్ది. ఇంటిపేరు వినగానే మనవాళ్లకి చెవులు నిక్కబొడుచుకుంటాయి! వాళ్ల ఐడియా ఏంటంటే, ఒక సర్వర్‌లో ఒకటే యాప్ నడుస్తున్నప్పుడు మొత్తం ఓఎస్ ఎందుకు? ఆ యాప్‌కి కావాల్సిన ముక్కలే కలిపి ఒక ఇమేజ్ చేస్తే సరిపోతుంది కదా. ఐడియా బాగుంది, కానీ వాళ్ల మిరాజ్ ఓఎస్‌లో యాప్‌ని ఓక్యామల్ భాషలో రాయాలి. లోకంలో ఉన్న యాప్సేమో లైనక్స్ కోసం రాసినవి.

యాప్ మళ్లీ రాయాల్సి వస్తే ఏమవుతుందో మనం కళ్లారా చూశాం. 2017లో జియోఫోన్ వచ్చింది, 512 ఎంబీ ర్యామ్, కై ఓఎస్. అందరూ అడిగిన మొదటి ప్రశ్న: "వాట్సాప్ వస్తదా?" వచ్చింది, కానీ 2018 సెప్టెంబర్‌లో, ఆ ఫోన్ కోసం వేరే వెర్షన్ తయారయ్యాక. అక్కడ అడ్డం సిస్టమ్ కాల్స్ కాదు, యాప్ రాసే పద్ధతే వేరు. నీతి మాత్రం ఒకటే: ఓఎస్ ఎంత తేలికైనా, యాప్స్ లేకపోతే జనం దాన్ని పట్టించుకోరు.

మరి ఎన్ని కౌంటర్లు పెట్టాలి? 2016లో స్టోనీ బ్రూక్ యూనివర్సిటీ వాళ్లు, చియా-చె త్సాయ్ బృందం, దీన్ని గట్టిగా కొలిచారు. ఉబుంటు 15.04లో ఉన్న ప్యాకేజీలన్నింటి బైనరీలనూ నడపకుండానే జల్లెడ పట్టి, ఏది ఏ సిస్టమ్ కాల్ వాడుతుందో రాసుకున్నారు. దానికి ఏ ప్యాకేజీని ఎంతమంది పెట్టుకున్నారనే సర్వే డేటా జోడించారు. జవాబు: ఏ ఉబుంటు ఇన్‌స్టాలేషన్‌కైనా 224 సిస్టమ్ కాల్స్ కావాలి.

ఇందులో ఒక తమాషా ఉంది. అదే యూనివర్సిటీలో గ్రాఫీన్ అనే తేలిక సిస్టమ్ ఉండేది, దానికి 143 కాల్స్ వచ్చు. ఈ కొలత ప్రకారం దాని స్కోరు ఒక శాతం కూడా లేదు, 0.42. షెడ్యూలింగ్‌కి సంబంధించిన రెండే రెండు కాల్స్ కలిపితే 21.1 శాతానికి ఎగబాకింది! అంటే ఎన్ని కౌంటర్లు ఉన్నాయన్నది కాదు, ఏవి ఉన్నాయన్నది లెక్క.

కానీ ఈ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. కోడ్‌లో కాల్ కనబడింది అంటే అది లేకపోతే పని ఆగిపోతుందని కాదు. 2021లో యూరోసిస్‌లో బెస్ట్ పేపర్ అవార్డు తెచ్చుకున్న యూనిక్రాఫ్ట్‌నే తీసుకోండి. అప్పటికి 146 కాల్సే ఉన్నాయి. అయినా ఎన్‌జిన్‌ఎక్స్, రెడిస్, ఎస్‌క్యూలైట్ హాయిగా నడిచాయి, అదీ లైనక్స్ వర్చువల్ మెషీన్ కంటే 1.7 నుంచి 2.7 రెట్లు వేగంగా.

ఎలా? దీనికి జవాబు 2024లో వచ్చిన లూప్ అనే టూల్ ఇచ్చింది. అది యాప్‌ని నిజంగా నడుపుతుంది. ఒక్కో కాల్ దగ్గర అడ్డం నిలబడి రెండు రకాలుగా పరీక్షిస్తుంది. ఒకటి, "ఆ కౌంటర్ ఇక్కడ లేదు" అని చెప్పడం. రెండోది, ఏ పనీ చేయకుండానే "అయిపోయింది, వెళ్లండి" అనడం. అయినా యాప్ తన పని తను చేసుకుపోతే, ఆ కాల్ అవసరం లేనట్టే. 100కి పైగా యాప్స్‌ని ఇలా చూస్తే, కోడ్‌లో కనబడే కాల్స్‌లో 40 నుంచి 60 శాతం దాకా లేకపోయినా పని నడిచిపోయింది. చాలా యాప్స్‌లో ఒక దారి మూసుకుంటే ఇంకో దారి రాసి ఉంటుంది మరి.

ఇక్కడే జాగ్రత్త పడాలి. ఎఫ్‌సింక్ అనే కాల్ ఉంది, డేటాని డిస్క్ మీద ఖాయంగా రాయమని చెప్పేది. దానికి ఉత్తుత్తి "అయిపోయింది" చెప్పినా డేటాబేస్ నడుస్తుంది, టెస్ట్ పాస్ అవుతుంది, పైగా స్పీడ్ కూడా పెరుగుతుంది. కానీ కరెంటు పోతే? మీరు పంపిన డబ్బుల ఎంట్రీ ఉంటుందో పోతుందో దేవుడికే తెలియాలి. టెస్ట్‌లో కరెంటు తీసి చూడలేదు కాబట్టి, ఆ కొలతకి ఈ నష్టం కనబడదు.

అందుకే ఎవరైనా "మా ఓఎస్‌లో అన్ని యాప్స్ నడుస్తాయి" అంటే శాతం ఒక్కటే చూసి ఊరుకోకండి. ఏ పని చేయించి చూశారు, ఏది నిజంగా చేశారు, ఏది చేసినట్టు చెప్పారు? ఈ మూడూ అడగండి.

మీరూ కొలిచి చూడొచ్చు. ఫోన్‌లో టర్మక్స్ పెట్టుకుని అందులో ఎస్‌ట్రేస్ ఇన్‌స్టాల్ చేయండి. 1991లో పాల్ క్రానెన్‌బర్గ్ సన్ఓఎస్ కోసం రాసిన టూల్ అది, ఇప్పటికీ పనికొస్తోంది. ఫోల్డర్‌లో ఫైల్స్ లిస్ట్ చూపించే చిన్న కమాండ్‌ని దాని కింద నడిపితే ఎన్ని కాల్స్ వెళ్తాయో చూడండి. ముందు ఒక అంకె ఊహించుకుని, తర్వాత నడపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను మరి.