నిప్పు రేగాక మళ్లీ పూసే మొక్క: పశ్చిమ కనుమల్లో కొత్త జాతి

ఏడాదికి రెండు విడతలుగా పూసే ఒక కొత్త మొక్కజాతిని పుణేలోని అఘార్కర్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఉత్తర పశ్చిమ కనుమల్లో గుర్తించారు. మహారాష్ట్రలోని తలేగావ్ దాభాడే ప్రాంతపు గడ్డి వాలుల్లో ఇది పెరుగుతోంది. డాక్టర్ మందార్ దాతార్ నేతృత్వంలోని బృందం దీనికి ‘డిక్లిప్టెరా పాలీమార్ఫా’ అని నామకరణం చేసింది. కనకాంబరం, అడ్డసరం, నేలవేము మొక్కలు కూడా ఈ కుటుంబానికి చెందినవే.

వర్షాకాలం ముగిశాక నవంబరులో తొలి పూత మొదలై మార్చి, ఏప్రిల్ వరకు సాగుతుంది. వేసవిలో ఎండిన గడ్డికి మనుషులు తరచుగా నిప్పు పెడతారు. పైభాగమంతా కాలిపోయినా, నేలలో చెక్కలా గట్టిపడిన వేరుమూలం బతికే ఉంటుంది. మే, జూన్ నెలల్లో దాని నుంచి పొట్టి రెమ్మలు పుట్టి మళ్లీ పూస్తాయి. ఈ రెండో పూత కొద్దికాలమే నిలుస్తుంది గానీ, తొలి పూత కంటే విరగబూస్తుంది. నిప్పును తట్టుకోవడమే కాక, నిప్పు ప్రేరణతో పూయడం ఈ జాతి ప్రత్యేకత.

ఒక్క నమూనా చూసి కొత్త జాతిని ప్రకటించడం అన్నివేళలా సరిపోదు. ఈ మొక్క రూపంలో వైవిధ్యం ఎక్కువ. ‘అనేక రూపాలు గలది’ అనే అర్థమిచ్చే పేరు అందుకే వచ్చింది. ఒక్క రుతువులోనే చూసినవారికి సగం మొక్కే తెలిసినట్టు. అందువల్ల లక్షణాలు స్థిరంగా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి పరిశోధకులు రెండేళ్లపాటు ఈ మొక్కలను గమనించారు. పూలు కంకిలా అమరి ఉండటం నిర్ణాయకమైన ఆధారం. ఈ ప్రజాతికి చెందిన భారతీయ జాతుల్లో ఇలాంటి అమరిక మరి దేనిలోనూ కనిపించలేదు. దీనికి అతి దగ్గరి పోలికలున్న జాతి ఆఫ్రికాలో ఉంది. లండన్‌లోని క్యూ ఉద్యానవనానికి చెందిన నిపుణుడు ఇయాన్ డార్బీషైర్ ఇది కొత్త జాతేనని ధ్రువీకరించారు. జాతి వివరణ 2024లో ‘క్యూ బులెటిన్’లో వెలువడింది.

అయితే నిప్పు వల్ల పూస్తుంది కనుక ఎంత తగలబెట్టినా ఫరవాలేదనుకోవడం పొరపాటు. మితిమీరిన మంటలు ఆవాసాన్నే దెబ్బతీస్తాయి. నిప్పును పూర్తిగా ఆపితే రెండో పూతకు ప్రేరణ ఉండదు. ఈ సమతూకం సాధించడం తేలిక కాదు. పైగా చెట్లు లేని గడ్డి నేలను బంజరుగా లెక్కగట్టే అలవాటు మనలో బలంగా ఉంది. ఈ మొక్క దొరికింది దట్టమైన అడవిలో కాదు, పుణే నగరానికి చేరువలో, అలాంటి నేలలోనే.