తూనికరాయి – వేగమాపకము

ప్రత్తియు మిరపయు పండెడి మన గుంటూరు, ఒంగోలు సీమలలో త్రాసుతో పని లేని కుటుంబము లేదు. ఏడాది పొడుగున నల్లరేగడిలో పడిన పాటంతయు కడపట త్రాసు ముల్లు దగ్గర తేలవలసినదే. కావున మన పెద్దలు సరకును కాటాకు ఎక్కించుటకు ముందు త్రాసునే పరీక్షించెడివారు. ఖాళీ తట్టలు రెండును సమముగ నిలిచినవా, పాసంగమేమైన నున్నదా, రాయి అరిగినదా, దానిపై సర్కారు ముద్ర కలదా యని చూచిన పిదపనే తూకమునకు సమ్మతించెడివారు. సరకును త్రాసు తూచును. మరి ఆ త్రాసును తూచువా రెవరు? ఈ ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. నే డది సంతబజారును దాటి రహదారి మీదికి వచ్చినది.

మద్రాసు నుండి కలకత్తాకు పోవు పెద్దబాట ఒంగోలు, చిలకలూరిపేట, గుంటూరుల మీదుగా మన సీమను నిలువునను దాటుచున్నది. చిరకాలము 5వ నంబరుగా నుండిన ఈ జాతీయ రహదారికి 2010లో నంబర్లు మార్చినపుడు 16వ నంబరు వచ్చినది. మిరప బస్తాల లారీలు, ప్రత్తి బేళ్ల లారీలు రాత్రింబగళ్లు దానిపై నడచుచున్నవి. ఇట్టి బాటలపై నేడు వేగమును కొలుచు యంత్రము లుండును. బండి మితిమీరి పోయినదని యంత్రము చెప్పినచో యజమానికి జరిమానా చీటీ వచ్చును. అప్పుడు తోలరి, “నా బండిలోని ముల్లు అంత వేగము చూపలేదే!” యనును. ఇది చెల్లెడి మాటయేనా? ఎవరి యంత్రమును నమ్మవలెను? దీనికి సమాధానము చరిత్రలో వెదకుట మేలు.

కౌటిల్యుని అర్థశాస్త్రమున పౌతవాధ్యక్షుడను ఉద్యోగి కలడు. తూనికలు, కొలతలు అతని యధీనములు. తూనికరాళ్లను ఇనుముతో గాని, మగధ, మేకల దేశముల రాతితో గాని చేయింపవలెనని అందు చెప్పబడినది. అట్టివి తడిసినను బరువెక్కవు, వేడికి తరుగవు. నాలుగు నెలల కొకసారి రాళ్లకు పరీక్ష జరిపి ముద్ర వేయవలెను. ముద్ర లేని రాయితో తూచినవానికి 27¼ పణముల దండము. మనుస్మృతి యెనిమిదవ అధ్యాయమున, తులామానములను రాజు ఆరు నెలల కొకసారి మరల పరీక్షింపవలెనని విధింపబడినది. గడువులు వేరైనను ఆశయ మొక్కటే. ఒకనాడు సరియైన రాయి ఎల్లకాలము సరిగా నుండదు. అరుగుట వస్తుధర్మము, కావున మరల మరల పరీక్షించుట రాజధర్మము.

మన మండలములలో మొన్నమొన్నటి దాక మద్రాసు మణుగు వాడుకలో నుండెడిది. ఎనిమిది వీసెలు మణుగు; మణుగనగా 25 పౌనులు. ఇరువది మణుగులు బారువ. అనగా 500 పౌనులు. లెక్క తెలిసిన రైతు సయితము రాయి దొంగదైనచో మోసపోవలసినదే. ఈ బాధను తొలగించుటకే 1933లో మద్రాసు రాజధానిలో వాణిజ్య పంటల విపణుల చట్టము పుట్టినది. ప్రత్తి, వేరుసెనగ, పొగాకు వంటి పంటల క్రయవిక్రయములను విపణి సంఘముల కట్టుబాటులోనికి తెచ్చుట దాని యుద్దేశము. పిదప 1956లో దేశమంతటికి ఒకే ప్రమాణమును నిర్ణయించు తూనికలు కొలతల చట్టము వచ్చినది. 1962 ఏప్రిలు నుండి మణుగు, వీసె తొలగి కిలోగ్రాము తప్పనిసరి యైనది. 1966లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విపణుల చట్టము వెలువడినది. నేడు గుంటూరు మిరప యార్డులో కాటా వేయునపుడు రైతునకు గల రక్షణ వెనుక ఇంత చరిత్ర యున్నది.

ఇక వేగము మాట. బరువును చేతితో నెత్తి కొంత ఊహింపవచ్చును. వేగము కంటి ముందు మెరసి మాయమగును. దానిని నిర్ణయించుట ఎట్లు? ఇంగ్లండులో 1865 నాటి చట్టము యంత్రపు బండ్లకు పల్లెపట్టున గంటకు 4 మైళ్లు, పట్టణములలో 2 మైళ్లు హద్దుగా పెట్టెను. 1896 జనవరిలో కెంటు మండలమున వాల్టరు ఆర్నాల్డు అనునతడు 2 మైళ్ల హద్దు గలచోట 8 మైళ్ల వేగముతో పోయెనని ఒక పోలీసు సైకిలుపై వెంటాడి పట్టుకొనెను. ఆ వేగమునకు అతనికి విధింపబడిన జరిమానా ఒక షిల్లింగు. 1903లో హద్దు 20 మైళ్లకు పెరిగినది. అయితే ఆ చట్టమునందే ఒక విశేషమైన కట్టుబాటు చేర్చిరి: ఒకే సాక్షి తన అభిప్రాయముగా వేగమింత యని చెప్పినంత మాత్రమున ఎవనిని శిక్షింపరాదు. కంటి యంచనా త్రాసు కాదని శాసనకర్తలు గుర్తించి రన్నమాట.

ఆ కాలముననే వేగమును చూపు యంత్రమును పుట్టినది. 1902లో జర్మను దేశీయుడగు ఆటో షుల్జ్ దానికి పేటెంటు పొందెను. చక్రముల గతితోపాటు తిరుగు ఒక తీగ, పెట్టెలోని అయస్కాంతమును త్రిప్పును. ఆ అయస్కాంతము తన చుట్టునున్న లోహపు గిన్నెను తనతో లాగజూచును. సన్నని చుట్టతీగ గిన్నెను వెనుకకు పట్టును. ఈ రెంటి పోరులో ముల్లు ఎంత జరిగినదో అంత వేగమని అంకె చెప్పును. నేటి బండ్లలో పెక్కింట తీగకు మారుగా విద్యుత్సంకేతము వచ్చినది. అయినను మూలసూత్రము మారలేదు. ఈ యంత్రము బాటను చూడదు. చక్రపు చుట్లను మాత్రమే లెక్కించును.

తప్పు పుట్టుట కిక్కడనే చోటు కలదు. చక్రపు చుట్టుకొలత రెండు మీటర్లయినచో కిలోమీటరునకు 500 చుట్లు తిరుగవలెను. టైరు అరిగి చుట్టుకొలత తగ్గినచో అదే దూరమునకు చుట్లు ఎక్కువగును. ముల్లు ఉన్నదానికంటె ఎక్కువ వేగము చూపును. అట్లు గాక కంపెనీ కొలతకంటె నూటికి అయిదు వంతులు పెద్దదగు టైరు వేసినచో, ముల్లు 60 చూపునపుడు బండి నిజముగా 63 కిలోమీటర్ల వేగమున పోవుచుండును. అరిగిన రాయి రైతును మోసగించినట్లే, మారిన టైరు తోలరిని మోసగించును.

పోలీసుల బండిలోని వేగమాపకమునకు సయితము ఇదే ధర్మము. వారు ముందుపోవు బండిని సమదూరమున వెంబడించి, తమ ముల్లు చూపిన అంకెను న్యాయస్థానమున చెప్పెడివారు. ఆ ముల్లు సరియైనదని ఎట్లు తెలియును? ఇంగ్లండున 1938లో మెల్హ్యూయిష్, మారిస్ అనువారి వ్యాజ్యెమున ఈ ప్రశ్న వచ్చినది. పోలీసుల వేగమాపకము పరీక్షింపబడినదను సాక్ష్యము లేనందున అభియోగము నిలువలేదు. ఉన్నత న్యాయస్థానము దానిని సమర్థించెను. కాని 1950లో నికొలస్, పెన్నీ అనువారి వ్యాజ్యెమున ఆ మార్గము మారినది. యంత్రము చూపిన అంకె కేవలము అభిప్రాయము కాదనియు, పరీక్షాపత్రము లేకున్నను న్యాయాధికారి నమ్మినచో శిక్షింపవచ్చు ననియు తీర్పు వచ్చినది. పండ్రెండేండ్లలో భారము ఒక భుజము నుండి వేరొక భుజమునకు జరిగినది. అనగా యంత్రమును శంకించువాడే శంకకు కారణము చూపవలసివచ్చినది.

మన దేశమున 1939 నాటి మోటారు వాహనముల చట్టము ఆంగ్లేయుల కట్టుబాటును కొంత మార్చి స్వీకరించెను. దాని స్థానమున వచ్చిన 1988 నాటి చట్టమునందు 183వ సెక్షను దానిని నిలిపినది. ఒకే సాక్షి అభిప్రాయముపై శిక్ష విధింపరాదు; ఆ యభిప్రాయము యంత్రసాధనముతో చేసిన కొలతపై ఆధారపడినట్లు రుజువైనచో విధింపవచ్చును. ఆ సెక్షనులోనే మన వర్తకులు, లారీ యజమానులు గుర్తింపదగిన మరియొక మాట కలదు. హద్దు మీరక చేరుట యసాధ్యమగు గడువులో సరకు చేర్పుమని ఆజ్ఞ యిచ్చినచో, ఆ యాజ్ఞయే ఇచ్చినవాని నేరమునకు ప్రథమదృష్టి సాక్ష్యమగును. తెల్లవారకముందే యార్డు చేరవలెనని తోలరిని తరుమువారు ఈ మాట మరువరాదు.

యంత్రము సాక్షియైనపుడు యంత్రమునే విచారింపవలసిన పని కలుగును. 1979లో అమెరికా దేశపు మయామీ నగరమున ఒక వింత బయటపడినది. పోలీసుల రాడారు యంత్రమును చెట్టువైపు త్రిప్పగా అది తాటిజాతి చెట్టు గంటకు 86 మైళ్ల వేగమున పోవుచున్నదని చూపెను. ఒక ఇల్లు 28 మైళ్ల వేగమున పోవుచున్నదని చూపెను. అక్కడి న్యాయాధికారి విచారణ జరిపి, ఆ రాడారు సాక్ష్యమును అంగీకరింపలేదు. రాడారు పనికిరానిదని దీని యర్థము గాదు. సరిగా పరీక్షించి, శిక్షణ గలవారు వాడినచో అది గొప్ప సాధనమే. పరీక్ష లేని యంత్రము మాత్రము నోరుగల అబద్ధసాక్షితో సమానము.

మన దేశమున ఈ విషయమై యిటీవల రెండు కట్టుబాట్లు వచ్చినవి. 2021లో కేంద్ర మోటారు వాహనముల నియమములలో 167ఏ నియమము చేర్చబడినది. వేగమును పట్టు విద్యుత్సాధనమునకు రాష్ట్రప్రభుత్వము నియమించిన అధికారి యొద్ద నుండి ఆమోదపత్రము ఉండవలెననియు, అది ఏటేట మరల పొందవలెననియు, ముందుగా హెచ్చరిక పలకలు నాటవలెననియు అందు విధించిరి. 2025లో తూనికల కొలతల శాఖ పక్షమున, రాడారు వేగమాపకములు పరీక్షింపబడి ముద్ర పొందిన పిదపనే వాడవలెనను నియమమును, జూలై 1 నుండి అమలగునట్లు, కేంద్రప్రభుత్వము ప్రకటించినది. పౌతవాధ్యక్షుని ముద్ర తుదకు రహదారిని చేరినది.

కావున జరిమానా చీటీ తప్పని తోచినవాడు కొన్ని సంగతులు అడుగవచ్చును. యంత్రమునకు ఆమోదపత్రము కలదా? గడువు మీరలేదు గదా? చీటీలో బండి నంబరు, చోటు, కాలము, కొలిచిన వేగము స్పష్టముగ నున్నవా? ఇవి అడుగుట ధిక్కారము కాదు. రాయిపై ముద్ర చూపుమని రైతు అడిగినట్టిదే.

తోలరి తన బండి ముల్లుపై తప్పు మోపుట మాత్రము వేరు సంగతి. చట్టము నిషేధించునది బండి పోయిన వేగమును; ముల్లు చూపిన అంకెతో దానికి పని లేదు. అదిగాక, ఐక్యరాజ్యసమితి వారి 39వ వాహన నియమము ప్రకారము వేగమాపకము నిజవేగముకంటె తక్కువ ఎన్నడు చూపరాదు. నూటికి పది వంతులపై మరి నాలుగు కిలోమీటర్ల వరకు ఎక్కువ చూపిన నేరము లేదు. ఈ పద్ధతిని పాటించి చేసిన బండిలో ముల్లు తోలరిని హెచ్చరించునే గాని నిద్రపుచ్చదు. పెద్ద టైరు వేసినందువలననో, యంత్రము చెడినందువలననో తక్కువ చూపినచో, దానిని సరిచేయించుకొనుట బండి కలవాని బాధ్యత. పరీక్షించి వ్రాయించిన పత్రము జరిమానా మొత్తమును నిర్ణయించునపుడు న్యాయాధికారి మనస్సునకు ఎక్కవచ్చును. నేరము లేదని మాత్రము దాని వలన తేలదు.

ముల్లును పరీక్షించుటకు పెద్ద చదువు అక్కరలేదు. ఖాళీగా నున్న తిన్నని బాటపై తోలరి ముల్లును 60 దగ్గర నిలుపవలెను. ప్రక్కనున్నవాడు గడియారము పట్టి రెండు కిలోమీటరు రాళ్ల నడుమ కాలము చూడవలెను. 60 సెకండ్లు పట్టినచో ముల్లు సరి. 66 పట్టినచో నిజవేగము సుమారు 54½ మాత్రమే. 54 పట్టినచో బండి 66కు పైగా పోవుచున్నది, వెంటనే బాగుచేయింపవలెను.

తప్పుతూకము వలన పోయిన సొమ్మును మరు పంటకు సంపాదింపవచ్చును. వేగము వలన పోయిన ప్రాణమును ఏ విపణిలోను కొనజాలము. ఊరి ప్రక్కన పెద్దబాట గల ప్రతి గ్రామమునకు ఈ సత్యము తెలియును. కావున సర్కారు యంత్రమును ముద్ర అడుగు హక్కును మనము విడువరాదు. మన బండి ముల్లును సరిచూచుకొను విధిని అంతకంటెను విడువరాదు. ఇరువైపుల త్రాసులును సరిగా నున్నపుడే తీర్పునకు ధర్మము కలుగును.